ధ్రువ సముద్రపు రిబ్బను పురుగు

సూరత్ మరమగ్గాల చప్పుడు మధ్య పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు రిబ్బను అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఈనాటి పాఠంలో ప్రాణమున్న రిబ్బనును చూద్దాం. పేరు పార్బోర్లేసియా కారుగేటస్, నెమర్టియా వర్గపు జీవి. అంటార్కిటికా చుట్టూ సముద్రపు అడుగున ఉంటుంది. మన భారతి పరిశోధన కేంద్రం 2012 నుంచి పనిచేస్తున్నది ఆ ఖండపు తీరంలోనే. ఈ పురుగు 2 మీటర్ల పొడవు, సుమారు 2 సెంటీమీటర్ల మందం వరకు పెరుగుతుంది. దాని ఒంటి జిగురు పుల్లటి ఆమ్లం. శత్రువులు నోట పెట్టుకోవడానికి జంకుతాయి.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది తొండం దగ్గర. నేనూ ఎమ్మెస్సీ రికార్డులో తొండాన్ని ఆహారనాళంలో కలిపి గీసి, ఆ పేజీ చింపి మళ్లీ గీసినవాడినే. తొండం ఉండేది ఆహారనాళానికి పైన, ద్రవం నిండిన వేరే గదిలో. దాని రంధ్రం తల కొసన; నోరు తల అడుగున, కాస్త వెనక. (కొన్ని ఇతర నెమర్టియన్లలో రెంటికీ ఒకే రంధ్రం. ఆ బొమ్మను దీనికి తగిలించకండి.) గది గోడ కండరాలు బిగుసుకుంటే ద్రవంపై ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు తొండం చొక్కా చేయిని తిరగేసినట్లు, లోపలి వైపు పైకి తేలుతూ బయటికి దూసుకొస్తుంది. వెనక్కి లాగేది మరో కండరం.

ఇక శ్వాస. మొప్పలు లేవు. రక్తనాళాలున్నాయి, హృదయం లేదు. ఆక్సిజన్ చర్మం గుండానే రావాలి. ఇంత లావు జంతువుకు అదెలా చాలుతుంది? సున్నా డిగ్రీల సముద్రపు నీటిలో, 30 డిగ్రీల నీటిలో కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది. చలిలో ఒంటి అవసరమూ తక్కువే.

ఆక్సిజన్ తగ్గితే ఈ పురుగు బల్లపరుపుగా మారుతుంది. లెక్క వేసి చూడండి. 2 సెంటీమీటర్ల వ్యాసమున్న వలయం చుట్టుకొలత 6.28 సెంటీమీటర్లు. అదే వైశాల్యాన్ని అర సెంటీమీటరు మందంగా పరిస్తే చుట్టుకొలత 13.56. మధ్యభాగం చర్మానికి 1 సెంటీమీటరు దూరంలో ఉండేది, ఇప్పుడు పావు సెంటీమీటరే!

అయినా ఈ ఉపాయానికి హద్దుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఈ పురుగు వాడకమూ పడిపోతుందని 2002లో ప్రచురితమైన పరిశోధన చూపింది. సముద్రం వేడెక్కితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఒంటి అవసరం పెరుగుతుంది. ఆ రెండూ ఒకేసారి వచ్చి పడేది మొప్పలు లేని ఈ చర్మం మీదనే.