అన్నము వెనుక పొలము



అన్నదానమనగానే విస్తరి కనబడును గాని, దాని వెనుకనున్న పొలము కనబడదు. గానుగ యాడు దినములలో వచ్చినవారికెల్ల చెరకురసము పోయుట అనకాపల్లి పల్లెలకు క్రొత్త గాదు. అది కొలదినాళ్ల మాట. ఏడాది పొడుగున, వేళగాని వేళ సయితము వడ్డించుట వేరు.

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. కోనసీమయందలి లంకల గన్నవరమున రైతు జోగన్నగారి యింట మెట్టిరి. గోదావరి పాయలు చుట్టిన ఆ సీమలో రేవు దాటి, ఆకలితో వచ్చినవారిని ఎవరని యడుగక ఆమె ఆదరించిరి. సత్రములకు మాన్యములుండును, ఆ యింటికి సొంత సేద్యపు గింజయే ఆధారము. పంటకు పొలముగట్టు హద్దు. వచ్చు ఆకలికి హద్దు లేదు. ఏ లెక్కలవాడైనను ఇట్టి ఖాతా చూచి బెదరవలసినదే! ఆ దంపతులు బెదరలేదు.

అంతర్వేది యాత్రకు బయలుదేరిన సీతమ్మగారు, తమ యింట అన్నము దొరకునని పిల్లల నూరడించుచు వచ్చు బాటసారుల మాటలు విని, దర్శనము మాని వెనుదిరిగిరని చెప్పుదురు. రాజసన్మానపు కథలు పలువురెరిగినవే. వానికన్న ఈ వెనుదిరుగుటయే గొప్పది.

ఆమె 1909లో పరమపదించిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరుంచెను. అంతకు మునుపే, 2000లో, గన్నవరము కడ కట్టిన క్రొత్త అక్విడక్టుకు ఆ పేరు పెట్టిరి. కాలువనీరు దానిమీదుగా వైనతేయపాయను దాటి అవతలి లంక పొలములకు పారుచున్నది.