తాళం చేసేవాళ్లలో మనమూ ఉందాం

మీరు రోజూ ఫోన్‌లో చూసే లాగిన్ పేజీ గురించి నాలుగు మాటలు చెప్తాను. స్కాలర్‌షిప్ దరఖాస్తుకైనా, హాల్ టికెట్‌కైనా మొదట ఎదురయ్యేది అదే. ఆ గుమ్మం దగ్గర ఆగిపోతే లోపల ఎంత మేలున్నా మనదాకా రాదు.

ఆ పేజీ వెనుక ఉండే సాఫ్ట్‌వేర్‌ని ఆథరైజేషన్ సర్వర్ అంటారు. దాని పని మన ఊరి పద్ధతిలో చెప్తాను. ఒకరికి రెండు బస్తాల వడ్లు ఇవ్వాలంటే మనం గాదె తాళం వాళ్ల చేతిలో పెట్టం. "ఇతనికి రెండు బస్తాలు ఇవ్వు, సాయంత్రం వరకే" అని చీటీ రాసి సంతకం పెడతాం. సర్వర్ ఇచ్చే టోకెన్ కూడా అలాంటి చీటీయే. ఏమేమి చూడొచ్చో, ఎప్పటివరకు చెల్లుతుందో అందులో ఉంటుంది. మన పాస్‌వర్డ్ మాత్రం యాప్ చేతికి వెళ్లదు. ఈ పద్ధతికి ఓఆత్ 2.0 అనే ప్రమాణం 2012లో వచ్చింది.

ఇలాంటి సర్వర్లలో కీక్లోక్ ఒకటి. రెడ్ హ్యాట్ ఇంజినీర్లు మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. 2023లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది. కోడ్ ఎక్కువగా జావాలో ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలైన మోసిప్ గుర్తింపు వ్యవస్థ కూడా కీక్లోక్‌ని వాడుకుంది.

దీంతో మనకేం పని అంటారా? ఒక్క ఉదాహరణ చూడండి. కీక్లోక్‌లో ఖాతా తెరిచేటప్పుడు మొదటి పేరు, చివరి పేరు రెండూ తప్పనిసరి అన్నది మామూలుగా ఉండే అమరిక. మన అవ్వల్లో చాలామందికి ఒకే పేరు. ఇంటిపేరు చెప్పినా అది ముందు వస్తుంది, చివర కాదు. ఆ అమరికను నడిపేవాళ్లు మార్చుకోవచ్చు. కానీ మార్చాలని తట్టాలంటే అలాంటి అవ్వ ఉన్న మనిషి ఆ గదిలో ఉండాలి.

చేరే దారులు చాలా ఉన్నాయి. జావా రానివాళ్లు అనువాదంతో మొదలుపెట్టొచ్చు. లాగిన్ పేజీ మాటలన్నీ భాషకొకటి చొప్పున విడి ఫైళ్లలో ఉంటాయి. "సెషన్ కాలపరిమితి ముగిసినది" అని రాస్తే మన అమ్మకు అర్థం కాదు. "చాలాసేపు అయింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అంటే అర్థమవుతుంది. ఆ తేడా తెలిసేది మీకే. అయితే ఒక భాషను ఒకసారి రాసి వదిలేస్తే చాలదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా చూసుకునే మనుషులు కావాలి.

జావా వచ్చినవాళ్లు ముందు డాకర్‌తో సర్వర్‌ని సొంత కంప్యూటర్లో నడపండి. గిట్‌హబ్‌లో సమస్యల జాబితా చదవండి. చిన్నది ఒకటి ఎంచుకుని, మీ దగ్గర కూడా అలాగే జరుగుతోందా చూడండి. సరిచేశాక, అది మళ్లీ పాడైతే పట్టుకునే టెస్ట్ కూడా రాయండి. పెద్ద మార్పు అయితే కోడ్ రాయకముందే అక్కడ చర్చించండి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని ప్రతి కమిట్‌కి మీ పేరుతో సైన్-ఆఫ్ పెట్టాలి.

సమీక్ష కఠినంగానే ఉంటుంది, దానికి కారణం ఉంది. లాగిన్ అయ్యాక మనిషిని ఏ చిరునామాకు పంపాలో సర్వర్ సరిచూస్తుంది. ఆ సరిచూపు కాస్త వదులుగా ఉంటే చీటీ దొంగ చేతికి పోతుంది. అందుకే ఒక్క వరుస మీద పది ప్రశ్నలు అడుగుతారు. వాటిని అవమానంగా తీసుకోకండి. భద్రతా లోపం మీ కంట పడితే మాత్రం నలుగురిలో రాయకండి, ప్రాజెక్టు భద్రతా బృందానికి గోప్యంగా తెలపండి.

ఉన్నమాట చెప్తాను. దీనికి జీతం రాదు. జవాబుకి వారాలు పట్టొచ్చు. మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ చిన్న చిన్న వాక్యాలు చాలు. మీ మార్పు తీసుకునేముందు మీదే కాలేజీ, ఏ ఊరు అని అడగరు. కోడ్ చూస్తారు. అది మీ పేరుతో అందరికీ కనిపించేలా నిలిచిపోతుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించుకోవచ్చు.

కలుపు రోజుల్లో ఈరోజు ఒకరి చేను, రేపు ఇంకొకరి చేను అని ఊరంతా కలిసి పనిచేయడం మన పెద్దలు నేర్పిందే. ఓపెన్ సోర్స్ పని తీరు కూడా అదే. కాబట్టి ఈ సెలవుల్లో ఇద్దరిద్దరుగా కూర్చోండి, ఒకరు చదవండి, ఒకరు టైప్ చేయండి. కంప్యూటర్ లేనివాళ్లు ఉన్నవాళ్లతో జతకట్టండి. ఒక్క వాక్యం అనువాదమైనా, ఒక్క అక్షర దోషమైనా సరే, పంపండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మీరు చెప్తుంటే నేను కింద కూర్చుని వింటాను.