దూరమునుండి వ్యాయామము

ఉదయము ఆరు గంటలకు మాదాపూరు వీధులలో నడచి చూడుడు. బస్సులును కార్లును అప్పటికే కదలుచుండును. విద్యార్థుల హాస్టళ్ల కిటికీలు మాత్రము మూసియుండును. లోపల గదికి ఇద్దరు ముగ్గురు. మంచమే చదువుకొను చోటు, మంచమే భోజనము చేయు చోటు. గచ్చిబౌలిలో గొప్ప స్టేడియము కలదు. ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో తెరచిన 23 కిలోమీటర్ల సైకిలు దారియు కలదు. ఉన్నవని యెరిగియు పోనివారి మాట యేమి?

2020 మార్చిలో కళాశాలలు మూతపడినపుడు పాఠములు తెరమీదికి వచ్చినవి, ఆటస్థలము రాలేదు. ఆ యేడు జూన్ 21న యోగా దినమును ఇంటనే కుటుంబముతో జరుపుకొనుడని ప్రభుత్వము కోరినది. మేమును చాప పరచితిమి. మడచిన ఆ చాపను మరల విప్పుటకు మాకు నెల పట్టినది! నేర్పువారు తెరపై నుండిరి గాని, మాకొరకు వేచియున్నవారు లేకపోయిరి.

జపానువారు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గ్రహించిరి. అచ్చట 1928లో రేడియో వ్యాయామము మొదలైనది. యుద్ధానంతరము కొంతకాలమాగి, 1951లో క్రొత్తరూపమున మరల వచ్చి నేటికిని సాగుచున్నది. వేసవి సెలవులలో పిల్లలు తెల్లవారగనే పార్కులో చేరి, పియానో వాయిద్యమునకు అనుగుణముగా చేతులు చాచి వంగి లేతురు. ముగిసిన పిమ్మట తమ అట్టపై హాజరుముద్ర వేయించుకొందురు. ఆజ్ఞ దూరమునుండి వచ్చును. ముద్రను ఇరుగుపొరుగువారు వేయుదురు. కిటుకంతయు ఆ ముద్రలోనే యున్నది.

మన కళాశాలలు గంటసేపటి వీడియో పంపి ఊరకుండిన ప్రయోజనము లేదు. పూటకు పది నిమిషములు, నియమిత వేళ, అయిదారుగురి జట్టు చాలును. రానివానికి జట్టులోనివారే ఫోను చేయవలెను. కెమెరా తెరువుమని నిర్బంధింపరాదు; ప్రక్కమంచముపై మిత్రుడు నిద్రించుచుండును, కొందరికి సంకోచము. చెవికి వినబడిన చాలునని రేడియో యెన్నడో నిరూపించినది.

పదునెనిమిదేండ్లు నిండినవారికి వారమునకు 150 నుండి 300 నిమిషముల మితవ్యాయామము వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. మితమనగా మాటలాడ వీలగును, పాడ వీలుగాదు, అంతటి వేగము. రెండు పూటలును చేసినచో వారమునకు 140 నిమిషములగును. తక్కిన పదింటికి లిఫ్టు మాని మెట్లెక్కవచ్చును. ఆ మెట్లు మేడపైకి పోవును. అచ్చట బట్టలారవేయు దండెములను ఒక ప్రక్కకు జరిపినచో, అయిదుగురు చేతులు చాచి నిలుచుటకు చోటు దొరకును.