కారణం చెప్పి రద్దు చేద్దాం



ఒక కవి పుట్టిన సంవత్సరం కావాలన్నా, పాత సినిమాకి సంగీతం ఎవరిచ్చారో తెలియాలన్నా, పిల్లల ప్రాజెక్టు పనికి నాగార్జునసాగర్ వివరాలు కావాలన్నా ఇప్పుడు మనందరం ఫోను తీసి వెతుకుతున్నాం. చాలాసార్లు మొదట కనిపించేది వికీపీడియా పేజీ. తెలుగులో అది 2003 డిసెంబరులో మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే రోజుల్లో ‘పద్మ’ అనే లిపి మార్పిడి పరికరాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున దానికి పునాది వేశారు. అప్పటినుంచి అందులో చేరిన వ్యాసాల్లో అత్యధిక భాగం జీతం లేకుండా, పేరు కూడా ఆశించకుండా రాసినవే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. వాళ్లలో ఈ పనిని నెలనెలా వదలకుండా, గట్టిగా చేస్తున్నవాళ్లు పదుల సంఖ్యలోనే ఉంటారు. ‘ఎవరు పడితే వాళ్లు దిద్దే పుస్తకాన్ని ఎలా నమ్మడం?’ అని సభల్లో తరచూ అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నన్ను అంతకంటే ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న ఇంకొకటుంది. దిద్దడానికి వచ్చినవాళ్లు రెండో రోజు ఎందుకు రావడం లేదు? మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే దొరుకుతుందని నా వాదన. కొత్తవాళ్లు తప్పు చేసినప్పుడు పాతవాళ్లు దాన్ని ఎలా సరిచేస్తారనేదాన్ని బట్టే ఆ విజ్ఞాన సర్వస్వం ఎంత నమ్మదగినదో తేలుతుంది.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. డిగ్రీ చదివే అమ్మాయి తన ఊరి పేజీ తెరిచిందనుకోండి. తెలుగు వికీపీడియాలో వేలాది గ్రామాల పేజీలు 2011 జనగణన సమాచారం ఆధారంగా తయారయ్యాయి. అంగన్‌వాడీ ఎక్కడుంది, పోస్టాఫీసు ఎంత దూరం, సాగుభూమి ఎన్ని హెక్టార్లు అనేవన్నీ వాటిలో ఉంటాయి. ఆ తరవాత తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మండలాలూ మారాయి. ఇన్ని పేజీలను కూర్చుని సవరించడం కొద్దిమందికి ఏళ్ల తరబడి పని. ఈ అమ్మాయికి తన పేజీలో ‘గ్రామంలో ఉన్నత పాఠశాల లేదు’ అని కనిపించింది. తాను చదివిన బడే అది! వెంటనే ‘ఉంది’ అని మార్చింది. ఆ ఊపులోనే ఊళ్లోని రామాలయం నాలుగు వందల ఏళ్లనాటిదని, చాలా మహిమ గలదని రాసింది. పూజారిగారి ఫోను నంబరు కూడా చేర్చింది. గంట తిరగకుండా అన్నీ మాయమయ్యాయి. పేజీ చరిత్రలో చూస్తే మరొక వాడుకరి పేరు, పక్కన ‘రద్దు చేశాను’ అనే మాట. అంతే. ఆ అమ్మాయి మళ్లీ రాదు.

ఆమె రాసినవాటిలో నాలుగు వేరువేరు సంగతులున్నాయి. బడి సంగతి నిజం. జనగణన లెక్క కూడా అబద్ధం కాదు, అది 2011 నాటిది. ‘2011 నాటికి లేదు’ అని పాత వాక్యాన్ని సరిచేసి, ఇప్పుడు ఉందని చెప్పే విద్యాశాఖ సమాచారాన్నో పత్రిక వార్తనో మూలంగా చూపిస్తే రెండూ నిలబడతాయి. గుడి వయసుకి ఆధారం కావాలి. శాసనం ఉంటే పురావస్తు శాఖ అచ్చువేసిన శాసన సంపుటాల్లో దొరకవచ్చు, లేదంటే జిల్లా గెజిటీరులోనో, స్థానిక చరిత్ర పుస్తకంలోనో వెతకాలి. మహిమ అనేది విశ్వాసం. ఎవరి విశ్వాసమో ఆధారంతో చెబితే రాయవచ్చు, వికీపీడియా తన గొంతుతో చెప్పకూడదు. ఫోను నంబరు మాత్రం మరో ఆలోచన లేకుండా తీసేయాల్సిందే, అది ఒక వ్యక్తి సొంత సమాచారం. అంటే ఒకటి ఉంచాలి, రెండింటికి ఆధారం అడగాలి, ఒకటి తొలగించాలి. ఒక్క మీట నొక్కి అన్నిటినీ తుడిచేసిన మనిషి నియమాన్ని తప్పలేదు కానీ నిజమైన ఒక వాక్యాన్నీ, ఊరు తెలిసిన ఒక మనిషినీ పోగొట్టాడు. ఆ అమ్మాయికి సందేశాలు పెట్టే చర్చ పేజీలో అతను నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఐదు నిమిషాలు పట్టేది.

ఇది జాలి మాట కాదు, దీనికి లెక్కలున్నాయి. ఇంగ్లీషు వికీపీడియాలో నెలకి కనీసం ఐదు దిద్దుబాట్లు చేసేవారి సంఖ్య 2007లో యాభై వేల దాకా వెళ్లి, ఆ తరవాత కొన్నేళ్లపాటు తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు ఈ పతనాన్ని పరిశోధించి 2013లో ప్రచురించారు. వచ్చేవాళ్లలో మంచి ఉద్దేశం గలవాళ్లు తగ్గిపోయారేమోనని చూస్తే, వాళ్ల వాటా అంతగా తగ్గలేదు. పెరిగిందల్లా వాళ్ల దిద్దుబాట్లు తిరస్కారానికి గురికావడం. దుశ్చర్యలను అరికట్టడానికి తయారుచేసిన పరికరాలు, బాట్లు అనే స్వయంచాలక ప్రోగ్రాములు సదుద్దేశంతో వచ్చినవాళ్ల పొరపాట్లను కూడా అదే వేగంతో తుడిచేశాయి. మొదటి దిద్దుబాటే పోయినవాడు నిలబడే అవకాశం బాగా తగ్గింది. దానికి విరుగుడుగా 2012లో అక్కడ ‘టీహౌస్’ అనే సహాయ స్థలాన్ని తెరిచారు. కొత్తవాళ్లు ఏ ప్రశ్నైనా అడగొచ్చు, నియమాల సంఖ్యలు వల్లించకుండా మామూలు మాటల్లో జవాబివ్వాలి అనేది అక్కడి పద్ధతి. అక్కడికి రమ్మని ఆహ్వానం అందుకున్న కొత్తవాళ్లను, అందుకోనివాళ్లను పోల్చి చూస్తే, మొదటి జట్టువాళ్లే ఎక్కువమంది నిలబడ్డారు. పలకరింపుకి అంత బలముంది.

అయితే పలకరించి వదిలేస్తే చాలదు. స్కాట్లాండులో మాట్లాడే స్కాట్స్ భాషకి ఒక వికీపీడియా ఉంది. అందులో 2020 ఆగస్టులో ఒక సంగతి బయటపడింది. ఇరవై వేలకు పైగా వ్యాసాలు ఆ భాష సరిగా రాని ఒక అమెరికన్ కుర్రాడు రాసినవి. పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టి, ఇంగ్లీషు వాక్యాల్లో అక్కడక్కడ నిఘంటువులోని స్కాట్స్ మాటలు పెడుతూ పోయాడు. అతనికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, మేలే చేస్తున్నాననుకున్నాడు. అక్కడ నిర్వాహకుడు కూడా అయ్యాడు. ఆ భాష తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చెప్పలేదు, ఏళ్లు గడిచిపోయాయి. తప్పు బయటపడ్డాక ప్రపంచం నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చదు. నిజాయితీగా పనిచేసిన పిల్లవాడికి దక్కాల్సింది మొదటి నెలలోనే ఒక సలహా. కారణం చెప్పకుండా తుడిచేయడం, చూడకుండా వదిలేయడం పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. రెండు చోట్లా జరిగింది ఒకటే: ఆ దిద్దుబాటును నిదానంగా చదివిన మనిషి లేడు. తెలుగులాంటి చిన్న సముదాయాలకు ఈ రెండో ప్రమాదమే దగ్గర.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఇంత మెత్తగా ఉంటే చెత్త పేరుకుపోదా? పేరుకుపోతుంది, కాదనను. 2005లో జాన్ సీగెంథాలర్ అనే పెద్ద పాత్రికేయుడి మీద ఎవరో కెనెడీ హత్యలతో ముడిపెట్టి అబద్ధం రాస్తే, అది నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. ఆ గొడవ తరవాతే ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివారు కొత్త పేజీలు సృష్టించకుండా కట్టడి చేశారు. జీవించి ఉన్న మనిషి గురించి ఆధారం లేని నింద కనిపిస్తే ముందు తీసెయ్యాలి, తరవాతే మాట్లాడాలి. కాపీహక్కుల విషయంలోనూ అంతే. పత్రికలో వచ్చిన వ్యాసాన్ని యథాతథంగా తెచ్చి అతికించడం మన దగ్గర అతి మామూలు తప్పు. ‘పత్రిక పేరు కింద ఇచ్చాను కదా’ అంటారు. పేరు ఇచ్చినా ఆ వాక్యాలు రాసినవాళ్లవే. వికీపీడియాలో పెట్టినదాన్ని ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చనే లైసెన్సు ఉంటుంది, ఇతరుల రచనకి మనం ఆ అనుమతి ఇవ్వలేం. కనుక తొలగింపు తప్పదు. కానీ విషయాలకు కాపీహక్కు ఉండదని, తారీఖులు, పేర్లు, సంఘటనలు తీసుకుని సొంత వాక్యాల్లో రాయవచ్చని, ఒక పేరా రాసి చూపిస్తే ఆ మనిషే రేపు పది వ్యాసాలు రాస్తాడు. నేనడిగేది నియమం సడలించమని కాదు. దాన్ని అమలు చేసేవాడు రెండు మాటలు చెప్పాలని.

అన్నిటికంటే ఎక్కువ మనసు నొచ్చుకునేది విషయ ప్రాముఖ్యత దగ్గర. నలుగురికి తెలిసిన కథకుడు, జీవితమంతా నాటకం ఆడిన నటుడు, వాళ్ల పేజీ పెడితే ‘ప్రాముఖ్యత లేదు, తొలగించాలి’ అనే ముందే తయారుగా ఉన్న నోటీసు అతికిస్తారు. ఆ మాటని మనిషి విలువ మీద తీర్పుగా తీసుకుంటారు, తీసుకోరా మరి? అది చెప్పేది వేరు. ఆ వ్యక్తితో సంబంధం లేని ఇతరులు ఆయన గురించి నమ్మదగిన చోట వివరంగా రాశారా అని మాత్రమే అడుగుతుంది. ఇక్కడ సహాయం చేసేవాళ్లు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది: మూలం ఇంటర్నెట్టులోనే ఉండాలన్న నియమం లేదు. అచ్చు పుస్తకం చాలు, పేరు, పుట, సంవత్సరం ఇస్తే సరి. మన రంగస్థలం, మన స్వాతంత్ర్యోద్యమం, మన జానపద కళలు పాత పత్రికల్లో, ప్రత్యేక సంచికల్లో, శాఖా గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎవరికైనా దొరుకుతున్నాయి. గూగుల్లో వెతికి దొరకలేదు కాబట్టి ప్రాముఖ్యత లేదనడం తెలుగువాళ్ల విషయంలో అన్యాయం. అలాగే తన గురించి తానే రాసుకునేవాళ్లకి, వ్యాసం చర్చ పేజీలో ఆధారాలు పెట్టి వేరేవాళ్లను రాయమని అడగవచ్చనే దారి చూపాలి. ఇక ఫలానా కవి మా కులంవాడే అని ఇద్దరు పోట్లాడుకునే పేజీలున్నాయి. అక్కడ ఎవరు గెలుస్తారని చూడకూడదు. ఎన్నిసార్లు మార్చుకున్నా పేజీ ముందుకు కదలదని చెప్పి, ఇద్దరినీ పేజీ మీంచి చర్చ పేజీకి నడిపించి, పుస్తకం అడగాలి. పుస్తకం లేకపోతే ఆ ముక్క పేజీలో ఉండనక్కర్లేదు.

ఈ శ్రమంతా ఎందుకు, పండితులకు అప్పగిస్తే పోదా అనేవారున్నారు. కొమర్రాజు లక్ష్మణరావుగారిని మించిన సంపాదకుడిని తెలుగులో ఊహించడం కష్టం. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కోసం ఆయన ఆరోగ్యం ధారపోశారు. 1923లో కన్నుమూసేనాటికి మూడు సంపుటాలు వెలువడ్డాయి, అవి ‘అ’ అక్షరం దాటలేదు. ఆయనకి కొరతపడింది పాండిత్యం కాదు, చేతులు. వందేళ్ల తరవాత ఆ చేతులు వాటంతటవే గుమ్మంలోకి వస్తుంటే వెనక్కి పంపుతున్నాం. నాణ్యత మాటకొస్తే, 2005లో ‘నేచర్’ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను నిపుణుల చేత పోల్చి చూపించింది. సగటున ఒక్కో వ్యాసానికి ఇంగ్లీషు వికీపీడియాలో నాలుగు తప్పులు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో మూడు. బ్రిటానికా ఆ పద్ధతిని తప్పుబట్టింది. ఆ ఫలితాన్ని తెలుగుకి అతికించుకోవడానికి నేనూ ఒప్పుకోను. అక్కడ ఒక తప్పును చూసే కళ్లు వేలల్లో ఉంటాయి, ఇక్కడ ఇద్దరో ముగ్గురో. మూడో మనిషి నిలబడేలా చూడటమే మన నాణ్యత పథకం.

ఇప్పుడు యంత్రాలే రాస్తున్నాయి కదా, మనుషులెందుకు అనేది కొత్త అభ్యంతరం. దీని పాత రూపం మనకి అనుభవమే. 2010కి అటూ ఇటూ గూగుల్ సంస్థ తన అనువాద పరికరంతో, కూలికి పెట్టుకున్న అనువాదకుల ద్వారా ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు, తమిళం, కన్నడం వంటి భాషల్లోకి చేయించింది. బెంగాలీ వికీపీడియా నిర్వాహకులు ఆ వ్యాసాలను అడ్డుకున్నారు. 2010లో పోలెండులో జరిగిన వికీపీడియన్ల అంతర్జాతీయ సభ వికీమేనియాలో తమిళ వికీపీడియన్లు తమ అభ్యంతరాలను బహిరంగంగా వినిపించారు. తెలుగులో వందల వ్యాసాలు చేరాయి. చదివితే వాక్యం ముందుకు సాగదు, క్రియ ఎక్కడో కర్త ఎక్కడో. రాసినవాళ్లు జీతం అయిపోగానే వెళ్లిపోయారు, అడిగితే జవాబిచ్చేవాళ్లు లేరు. ఏళ్ల తరబడి వాటిని బాగుచేయడానికో, తొలగించడానికో ఉన్న కొద్దిమందే కష్టపడ్డారు. నేటి యంత్రాలు అప్పటికంటే నున్నగా రాస్తాయి, లేని పుస్తకాన్ని కూడా మూలంగా చూపిస్తాయి. ఊళ్లో బడి ఎప్పుడు కట్టారో వాటికి ఎవరూ చెప్పలేదు. యంత్రంతో చిత్తుప్రతి తెచ్చిన కొత్తవాడిని తిట్టి పంపేకంటే, ప్రతి మూలాన్నీ తెరిచి చూశావా అని అడిగి, ఒక్కటి అతనితో కలిసి తెరవడం మేలు.

చివరిగా, సమయం చాలదనే మాట. ఇది నేను తోసిపుచ్చలేని అభ్యంతరం. రోజంతా ఉద్యోగం చేసి రాత్రి గంటసేపు కూర్చునే నిర్వాహకుడు ప్రతివాడికీ ఉత్తరం రాయలేడు. అందుకే ఈ బరువు నిర్వాహకుల మీదే ఉండకూడదు. నిర్వాహకులు కానివాళ్లు కూడా జవాబు చెప్పొచ్చు. తెలుగు బాగా రాసే రిటైరైన మాస్టారికి వికీ సంకేతాలు రాకపోవచ్చు, కొత్తవాళ్ల వాక్యం ఎందుకు నిలవలేదో మాత్రం ఆయన అందరికంటే బాగా చెప్పగలరు. గ్రంథాలయంలో పనిచేసేవాళ్లు ‘ఈ గుడి గురించి ఫలానా పుస్తకం ఫలానా పుటలో ఉంది’ అని చర్చ పేజీలో ఒక్క ముక్క పెడితే ఒక వివాదం తీరిపోవచ్చు. తెలుగు వికీపీడియాలో సహాయ కేంద్రం ఉంది, రచ్చబండ ఉంది. అక్కడ ప్రశ్న మామూలు తెలుగులో రాసి, చివర నాలుగు టిల్డెలు (~~~~) పెడితే మీ పేరు, సమయం దానంతటదే పడుతుంది. ఇవాళ ఇంటికి వెళ్లాక మీ ఊరి పేజీ తెరవండి. జిల్లా పేరు పాతదిగా ఉందేమో చూడండి, ‘చరిత్ర’ అనే చోట నొక్కి ఎవరి మాట ఎందుకు పోయిందో చదవండి. కారణం రాయని రద్దు కనిపిస్తే, మాట పోయిన వాడుకరి చర్చ పేజీలో ఆ కారణం మీరు రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.