మాటకు ఊతము

దండి మహాకవి వాక్కును లోకమునకు వెలుగుగా భావించెను. ఆ వెలుగు అందనివారు కొల్లేటి లంకలలోను, ఏలూరు, తాడేపల్లిగూడెం వీధులలోను కలరు. వినికిడి యంత్రము మొదలగు సాధనములకు కేంద్ర ప్రభుత్వపు 'అడిప్' పథకము 1981 నుండి సాయమొసగుచున్నది. 2016 నాటి చట్టము గుర్తించిన 21 వైకల్యములలో వినికిడి లోపము, మాట లోపము రెండును కలవు.

అయినను 40 శాతము వైకల్యమును తెలుపు సదరం పత్రము, ఆదాయ పత్రము లేనిదే సాధనము చేతికి రాదు. అడుగవలసినవానికే మాట లేదు; లంక దాటి కచేరీకి పోయిన నాటి కూలి దక్కదు. 2022 జిల్లాల విభజన పిమ్మట ఏలూరువారు ఏలూరులోను, గూడెమువారు భీమవరములోను అర్జీ పెట్టుకొనవలయును.

కావున గ్రంథాలయమున చదువనేర్చినవారు అట్టివారికి అర్జీ వ్రాసి, సదరం శిబిరమునకు తోడు పోవలయును. చదివిన నోరు పొరుగువాని కొరకు పలికిననాడే ఈ రజతోత్సవము సార్థకము.