గుఱకయు గుండెయు



మా శంషాబాదు చెంత 2008లో విమానాశ్రయము వెలసినది మొదలు రేయింబవళ్లు విమానముల మ్రోత వినుచునే యున్నాము. అయినను మా యింట నిద్ర చెఱచినది విమానము గాదు, నా గుఱక. గుఱక సుఖనిద్రకు గుర్తని నేనును నమ్మియుంటిని. నడుమ నడుమ నా యూపిరి నిలిచిపోవునని, అది మరల వచ్చుదాక తాను మేలుకొని యెదురుచూచెదనని నా గృహిణి యొకనాడు కన్నీటితో చెప్పినది.

నిద్రలో కంఠమార్గము మూసికొనిపోవును. నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గును. మెదడులికిపడి లేపును, గుండె వడివడిగా కొట్టుకొనును, రక్తపుపోటు పెరుగును. గంటకు 30 మాఱులకు మించినచో వ్యాధి తీవ్రమైనదందురు.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్, ముక్కున గాలి నొత్తిడితో పంపి కంఠమును తెఱచి యుంచు పద్ధతిని ప్రకటించెను. అదియే సీపాప్. దానివలన పగటి కునుకుపాటు తగ్గును. రక్తపుపోటు కొంచెము దిగును. గుండెపోటు తప్పునా? 2016లో ప్రకటితమైన ‘సేవ్’ పరిశోధనలో మనదేశపు రోగులును గలరు. అదివఱకే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 2,700 మందికి పైగా పరీక్షింపగా, ఆ యాపదలు తగ్గినట్లు తేలలేదు. అయితే వారు యంత్రమును ధరించినది రాత్రికి సగటున మూడు గంటలకు కొంచెము మించి మాత్రమే. పది పద్యములతో చదువు మానిన బాలుని చూచి శతకమును నిందింతుమా? అట్లని రాత్రియంతయు ధరించిన గుండెకు ముప్పు లేదని నేను ప్రమాణము చేయజాలను.

తొలి నెలలో నేనును నడురేయి ఆ ముసుగును తీసి పాఱవైచినవాడనే. ఇప్పుడు తెల్లవాఱుదాక తీయను. పోటు మాత్రలును మానలేదు; వైద్యుడు చెప్పక మానరాదు. మా యింట మరల విమానముల మ్రోత వినబడుచున్నదని గృహిణి విసుగుకొనుచున్నది.