ప్రవక్తల బిడ్డల పేర్లు



శబ్దములు రూఢములనియు, యౌగికములనియు, యోగరూఢములనియు మన శాస్త్రకారులు విభజించిరి. మనుష్యుల పేర్లు సామాన్యముగా రూఢములు. ధర్మయ్య యను పేరుగలవాడెల్ల ధర్మాత్ముడు కావలెనను నిర్బంధము లేదు. లక్ష్మమ్మగారి యింట గింజలు నిండుకొనియుండవచ్చును. అందుచేత మనము పేరును పిలుపునకు వాడుకొందుము గాని యర్థమునకై విప్పి చూడము. యూదుల ప్రవక్తల గ్రంథములను ఈ యలవాటుతో చదివినచో సగము విషయము జారిపోవును. అందు కొన్ని పేర్లు ఉత్త పిలుపులు కావు, పూర్తి వాక్యములు.

క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున ఆ జనులకు రెండు రాజ్యములుండెను. ఉత్తరమున ఇశ్రాయేలు, దానికి షోమ్రోను రాజధాని. దక్షిణమున యూదా, దానికి యెరూషలేము. ఉత్తర రాజ్యమున హోషేయ యను ప్రవక్తకు ముగ్గురు బిడ్డలు. పెద్దవాని పేరు యెజ్రెయేలు. అది యొక స్థలము పేరు. యెహూ యనువాడు అహాబు వంశమును సంహరించినది అచ్చటనే. రెండవది ఆడుపిల్ల, లోరూహామా. మూడవవాడు లోఅమ్మీ. ఈ పేర్లు తెలుగక్షరములతో అచ్చుపడుటచే చదువరి 'లో' యనుదానిని మన షష్ఠీ విభక్తిగా భ్రమపడవచ్చును. హెబ్రీ భాషలో దానికి 'కాదు, లేదు' అని యర్థము. లోరూహామా యనగా జాలి పొందనిది. లోఅమ్మీ యనగా నా ప్రజ కాదు.

బిడ్డలు దక్కని తల్లి తరువాతి బిడ్డకు పెంటయ్య యనియో పుల్లయ్య యనియో పేరిడుట మన గ్రామములలో మీరెరిగినదే. ఆ హీననామము బిడ్డకు కవచము. మృత్యువు కన్ను వానిపై పడకుండుటకు పెట్టినది. హోషేయ చేసినది దానికి విపరీతము. ఆయన పెట్టిన పేరు బిడ్డను కాచుటకు గాదు, విన్నవారిని నిలదీయుటకు. ఆ పిల్లను అన్నమునకు పిలిచినప్పుడెల్ల ఇరుగుపొరుగువారు తమపై వెలువడిన తీర్పును వినవలసినదే గదా! ఆ పసిదానికి ఈ బరువేల యని నాకు తోచకపోలేదు. గ్రంథమందు ఆమె పలికిన మాట యొక్కటియు లేదు.

అయితే ఆ గ్రంథముననే, రెండవ అధ్యాయమున, పేర్లు తిరుగబడుచున్నవి. 'లో' రాలిపోయి రూహామా, అమ్మీ మిగులుచున్నవి. జాలి పొందినది, నా ప్రజ. యెజ్రెయేలునకు ఆ మార్పైనను అక్కరలేదు. 'దేవుడు విత్తును' అని దాని యర్థము. మన భాషలో వెదజల్లుట యను మాట చెదరగొట్టుటకును, విత్తుటకును ఎట్లు చెల్లునో, అక్కడి ధాతువును అట్లే చెల్లును. చెదరినదే విత్తనమైనది. శ్లేషకై కొండలు పిండిచేయు మన కవులు ఈ సులువును చూచి మెచ్చుకొందురు.

ఇక దక్షిణమునకు వత్తము. సుమారు క్రీ. పూ. 734లో దమస్కు రాజును షోమ్రోను రాజును ఏకమై యూదాపై దండెత్తిరి. అప్పుడు యెషయా ప్రవక్త యొక పెద్ద పలకపై 'మహేరు షాలాల్ హాష్ బజ్' అని వ్రాసెను. దోపుడు త్వరపడుచున్నది, కొల్ల పరుగిడుచున్నది యని తాత్పర్యము. యాజకుడగు ఊరియాను, జెకర్యా యను మరియొకని సాక్షులుగా నిలిపెను. దస్తావేజులు వ్రాయించిన మీకు సాక్షుల విలువ చెప్పనక్కరలేదు. పిదప కుమారుడు కలుగగా వానికి ఆ పొడవైన పేరే పెట్టెను. వాడు 'నాయనా, అమ్మా' యని పిలువనేర్వక మునుపే ఆ రెండు పట్టణముల సొత్తు అష్షూరు రాజు పాలగునని గడువు పెట్టెను. క్రీ. పూ. 732లో దమస్కు పడెను. ఆ కాలముననే గలిలయ, గిలాదు ప్రాంతములు షోమ్రోను చేజారెను. ఆ పట్టణము మరి పదేండ్లకు, 722లో, కూలెను.

'దేవుడు మనతో' అను నర్థముగల ఇమ్మానుయేలు పేరును ఈ యుద్ధ సందర్భముననే వచ్చినది. దానికిని పసివాని వయస్సే గడువు. వానికి మంచిచెడ్డలు తెలియకముందే శత్రురాజుల దేశము పాడగునని. తరువాత మత్తయి దానిని యేసు జననమునకు అన్వయించెను. క్రైస్తవులకు అదియే ముఖ్యార్థము. కొందరు ఇట్టి పేర్లను బిరుదములను తీసికొని నేటి రాజ్యములకు, నేటి పాలకులకు ముడివేసి లెక్కలు కట్టుదురు. నాకది సమ్మతము గాదు. ప్రవక్త తానే గడువు చెప్పి సాక్షులను నిలిపిన మాటను, ఆ సాక్షులు పోయిన వేలయేండ్లకు మనయిష్టము వచ్చినవారిపై మోపుట న్యాయముగా తోచదు.

యెషయా పెద్దకుమారుడు షెయార్యాషూబు. 'శేషము మరలును' అని యర్థము. కొద్దిమందియే మిగులుదురనిన భయమును, కొందరైనను మిగులుదురనిన ఆశయు అందు కలవు. మరలుట యనగా ఊరికి మరలుటయా, మనస్సు మరలుటయా? హెబ్రీలోను తెలుగులోను రెండును సరిపోవును. యూదా రాజగు ఆహాజు చాకిరేవు త్రోవలో కాలువ దగ్గర నుండగా, యెషయా ఈ బాలుని వెంటబెట్టుకొని యెదురేగి, భయపడవద్దనెను. రాజు వినలేదు. దేవాలయపు వెండి బంగారములను తీసి అష్షూరు రాజగు తిగ్లత్పిలేసెరునకు కానుకగా పంపి, 'నేను నీ దాసుడను' అని కబురుచేసెను. దమస్కు పడిన పిదప ఆ చక్రవర్తిని దర్శించుటకు అచ్చటికి తానే ప్రయాణమై పోయెను.